వేళ్ళకు తెలిసిన సంగతి

కార్ఖానా అనే బస్తీలో మెయిన్ రోడ్డు దాటి రెండు సందులు లోపలికి వెళ్తే ఒక పాత బంగళా వస్తుంది. ముందు గదుల్లో ఒక విత్తనాల కంపెనీ ల్యాబు, వెనక పెరడంతా ప్లాస్టిక్ కప్పు కింద మొక్కలు పెంచే పాలీహౌస్. అక్కడ జన్నత్ తొమ్మిదేళ్ళుగా మొక్కల వేళ్ళు కడుగుతోంది. కడిగి, వాటికి మార్కులు వేస్తుంది.

ఖర్బూజ పంటకు వేరుకుళ్ళు తెగులు పెద్ద శత్రువు. మట్టిలో ఉండే ఒక బూజు వేరులోకి దూరి లోపల్లోపలే తినేస్తుంది. పైన తీగ పచ్చగానే ఉంటుంది. కాయలు నిండుతున్న వేళ, ఎండ ముదిరిన ఏదో ఒక మధ్యాహ్నం, చేను చేనంతా వాలిపోతుంది. రైతుకు సంగతి తెలిసేసరికి చేయడానికి ఏమీ మిగలదు. దీన్ని తట్టుకునే రకం కోసమే కంపెనీ వెతుకుతోంది. వందల రకాల మొక్కలను కుండీల్లో పెంచి, బూజు కలిపిన మట్టిలోకి మార్చి, ఇరవై ఒకటో రోజున పీకి చూస్తారు. వేరు తెల్లగా ఉంటే సున్నా. గోధుమరంగు మచ్చలుంటే రెండు. వేరంతా గోధుమరంగుకు తిరిగితే నాలుగు, నల్లబడితే ఐదు. సగటు మూడు దాటితే ఆ రకాన్ని పక్కన పెట్టేస్తారు.

ఇంటర్ దాకా చదివిన జన్నత్ మొదట కుండీల్లో మట్టి నింపే పనికి వచ్చింది. ఒకసారి ముగ్గురు సైంటిస్టులు ఒకే ట్రేకు మూడు రకాలుగా మార్కులు వేసి వాదించుకుంటున్నారు. తెగుళ్ళ విభాగం అధిపతి డాక్టర్ విజయేందర్ విసుగెత్తి, పక్కనే మట్టి నింపుతున్న ఆమెను పిలిచి, "నువ్వు జెప్పు, ఏది ఎక్కువ ఖరాబైంది?" అని అడిగాడు. ఆమె ఇరవై వేళ్ళనూ వరసగా పేర్చి చూపించింది. గంట తర్వాత వాటిని కలిపేసి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే వరస. ఆ రోజే మార్కుల పుస్తకం ఆమె చేతికి వచ్చింది. "జన్నత్ చూసిందంటే ఫైనల్" అని ఆయన బయటివాళ్ళ ముందు కూడా అనేవాడు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె నడకే వేరుగా ఉండేది.

ఆ ఫిబ్రవరిలో బాయిలర్ చెడిపోయింది. తెగులు మట్టిని ఆవిరి పట్టకుండా బయట పారేయకూడదు. అందుకని ప్రతి రకంలోనూ పరీక్షకు వాడగా మిగిలిన మొక్కలు, పీకకుండానే, కుండీలతో సహా పాలీహౌస్ చివర మూలన పేరుకుపోయాయి. అవి ఎలాగూ చచ్చేవే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. జన్నత్ మాత్రం రోజూ సాయంత్రం పైపు చుట్టిపెట్టే ముందు అలవాటుగా, దూరం నుంచే, ఓసారి అటు నీళ్ళు కొట్టేది.

బాయిలర్ మెకానిక్ గురువారం వస్తాడని తెలిసి, మంగళవారం మధ్యాహ్నం ఆమె ఆ కుండీలను సర్దడానికి వెళ్ళింది. నూటికి పైగా కుండీలు. అన్నిట్లోనూ తీగలు ఎండి, కర్రలకు పాత తాళ్ళలా వేలాడుతున్నాయి. నాలుగు కుండీల్లో తప్ప. ఆ నాలుగూ పచ్చగా, మోకాలెత్తు పాకి, పసుప్పచ్చని పూలు కూడా తొడిగాయి. చీటీలు తిప్పి చూసింది. నాలుగింటి మీదా ఒకటే నంబరు, 417.

ఆ నంబరు ఆమెకు బాగా గుర్తుంది. మెదక్ వైపు చేలల్లో తనంతట తానే మొలిచే బుడంకాయకూ, తీపి ఖర్బూజకూ సంకరం చేసిన రకం అది. పుస్తకం తెచ్చి చూసుకుంది. మూడుసార్లు పరీక్షించారు. మూడుసార్లూ తన చేతిరాతే. సగటు నాలుగు, నాలుగు, నాలుగున్నర. ఆ ఏడాది చూసిన రకాలన్నింట్లో అంతకన్నా చెడ్డ మార్కులు ఇంకో రెండింటికే వచ్చాయి.

ఆమెకు ముందు కలిగింది సంతోషం కాదు, ఉక్రోషం. ఇంతకాలం ఎవరూ వేలెత్తి చూపని తన పుస్తకాన్ని నాలుగు కుండీలు నిలబడి ఎగతాళి చేస్తున్నట్టనిపించింది. ఒక మొక్కను అక్కడికక్కడే పీకి, తొట్టిలో ముంచి కడిగింది. వేరు చిక్కటి గోధుమరంగులో ఉంది. ఇప్పుడు అడిగినా ఆమె నాలుగే వేస్తుంది. కానీ ఆ వేరు మీదున్న తీగ పూలు పూసింది.

తడి చేతులతోనే విజయేందర్ గదికి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన వచ్చి చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇవి ఎస్కేప్స్ జన్నత్. బూజు సరిగ్గ అంటుకోలేదు. అందుకే బతికినయ్."

"అంటుకోకపోతే వేరు తెల్లగుండాలె గద సార్? జూడుండ్రి, మొత్తం గోధుమరంగే ఉన్నది."

"అయితే ఇంకొన్ని రోజులల్ల పోతయ్."

"పక్కన ఉన్నయి అన్ని ఎన్నడో పోయినయ్ సార్. ఇవి పూతకొచ్చినయ్."

విజయేందర్ చెడ్డవాడు కాదు. కానీ ఆ సున్నా నుంచి ఐదు దాకా ఉన్న మార్కుల పద్ధతిని తయారుచేసింది ఆయనే. ఎనిమిది వందల రకాలను దానితోనే వడగట్టాడు. "సరే, ఒక్క మాట అడుగుత," అన్నాడు. "మూడుసార్లు నాలుగు వేసింది నువ్వే గద. నీ మార్కులు తప్పంటవా?"

జన్నత్ చేతిలోని వేరును మళ్ళీ తొట్టిలో ముంచింది. "గురువారం బాయిలర్ షురూ అయితే అన్నిటితోపాటు వీటిని సుత పంపెయ్," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఆమె రెజిమెంటల్ బజార్‌లో కూరగాయల బండి దగ్గర ఆగింది. మనసు అక్కడ లేదు. బెండకాయల కుప్పలోంచి ఒక్కొక్కటి తీసి కొస విరిచి చూస్తోంది. టక్కున విరిగితే సంచిలోకి, వంగితే కుప్పలోకి. పది పన్నెండు కాయలయ్యాక బండి అతను గట్టిగా అన్నాడు:

"ఏందక్కా, కండ్లు అటు పెట్టి చేతులు ఇటు పెట్టినవ్? విరిచినయన్ని తీస్కోవాలె మళ్ల!"

జన్నత్ ఉలిక్కిపడి చేతిలోకి చూసుకుంది. నిజమే, ఆమె కాయల వైపు చూడనే లేదు. చూసినా లాభం లేదు. లేతదైనా ముదిరినదైనా అన్నీ ఒకే పచ్చన. రంగును బట్టి బెండకాయ కొనేవాళ్ళు ఎవరైనా ఉంటారా?

అలా ఎంతసేపు నిలబడిందో. "అక్కా, తూకం ఏయాల్నా?" అని అతను రెండోసారి అడిగితే గాని కదలలేదు.

మరునాడు పొద్దున అందరికంటే ముందే పాలీహౌస్‌కు చేరుకుంది. 417 వేరు ఒకటి, అదే బూజు మట్టిలో పెరిగిన మామూలు ఖర్బూజ వేరు ఒకటి కడిగి పక్కపక్కన పెట్టింది. రెండూ గోధుమరంగే. కళ్ళు మూసుకుని రెంటినీ వేళ్ళ మధ్య రాసింది. మామూలు వేరు పైతోలు నానబెట్టిన పల్లీ పొట్టులా జారి చేతికొచ్చేసింది. లోపల మెత్తని దారం మిగిలింది. 417 వేరు కొబ్బరి పీచులా గరుకుగా తగిలింది. గోరుతో నొక్కితే దిగలేదు. విరిస్తే టప్‌మని విరిగింది.

ఈ తేడా ఆమెకు కొత్త కాదు. ఆ రకాన్ని కడిగినప్పుడల్లా వేలి కొసలు గీరుకుంటున్నాయని విసుక్కున్న సంగతి గుర్తొచ్చింది. ఆమె చేతులకు ఏడాదిగా తెలుసు. పుస్తకంలో దానికి గడి లేదంతే.

పండ్లలో తీపి కొలవడానికి నాలుగు నెలల కింద తెనాలి నుంచి హదస్సా అనే కెమిస్టు వచ్చింది. వయసు ముప్పైలోపే. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటుంది. పొగరుబోతు పిల్ల అనుకుని జన్నత్ ఆమె జోలికి పోలేదు. కానీ ఇప్పుడు వేరు లోపల ఏముందో చెప్పగలిగినవాళ్ళు ఆ బంగళాలో ఇంకెవరూ లేరు. తడిగుడ్డలో ఆ రెండు వేరు ముక్కలూ చుట్టుకుని ఆమె బల్ల ముందుకు వెళ్ళింది.

"మేడం, జెర మీ చెయ్యి ఇటియ్యండి."

హదస్సా ఇయర్‌ఫోన్లు తీసి, అయోమయంగా చేయి చాపింది. జన్నత్ ఆ రెండు ముక్కలనూ ఒకదాని తర్వాత ఒకటి ఆమె అరచేతిలో పెట్టింది. "కండ్లు మూస్కొని చెప్పండి. ఏది కుళ్ళింది?"

హదస్సా వాటిని నలిపి చూసింది. కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకుని ఇంకోసారి నలిపింది.

"ఇది చెక్కలా ఉందేంటండీ?" అంది.

జన్నత్ జరిగిందంతా చెప్పింది. హదస్సా మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివరికి అడిగింది:

"వంకాయ కోసి పక్కన పెడితే నల్లబడుతుంది కదండీ. దాన్ని కుళ్ళిందంటామా?"

"అనం. గాలి తాకి కర్రెగయితది."

"వంకాయలో ఫినాల్స్ అని కొన్ని పదార్థాలుంటాయి. తెగినచోట గాలి తగిలితే అవి ఆ రంగుకు మారతాయి. వేరులో కూడా అవే ఉంటాయి. బూజు వేరు గోడను కరిగించుకుంటూ లోపలికొస్తుంది. గోడ ముక్కలు రాలగానే మొక్కకు తెలిసిపోతుంది, ఎవరో దూరుతున్నారని. వెంటనే ఈ ఫినాల్స్‌ని తయారుచేసి ఆ చోటికి పంపిస్తుంది. కొన్ని బూజుకు విషం. కొన్ని గోడకు అతుక్కుని గట్టిపడిపోతాయి. చెట్టు చెక్కలో ఉండే పదార్థమే అది, లిగ్నిన్ అంటారు. ఆ పని జరిగినచోట రంగు మారుతుంది."

జన్నత్ గుడ్డలోని వేరు వైపు చూసింది. "అంటే ఈ రంగు రోగం పెట్టింది కాదా? చెట్టే పెట్టుకుందా?"

"కావచ్చండి. చూస్తే గాని చెప్పలేం."

"రేపు గురువారం. బాయిలర్‌ల పడేస్తరు."

"మిగిలిన మూడు కుండీలూ తెచ్చి నా గదిలో పెట్టండి. సార్ అడిగితే తీపి పరీక్షకు నేనే అడిగానని చెబుతాను."

"పండ్లే లేవు గద మేడం వాటికి."

"పూలున్నాయన్నారుగా," అంది హదస్సా. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

పరీక్ష మొదలైంది. వేరును అడ్డంగా, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, ఒక రంగు మందులో ముంచి మైక్రోస్కోపు కింద చూడాలి. లిగ్నిన్ ఉన్నచోట మాత్రమే ఎర్రబడుతుంది. హదస్సా బ్లేడుతో కోస్తే ముక్కలు మందంగా, వంకరగా వచ్చాయి. పదో ముక్క దగ్గర జన్నత్ ఆగలేక బ్లేడు అందుకుంది. వేరును క్యారెట్ ముక్కలో ఇరికించి పట్టుకుని చకచకా కోసింది. ముక్కలు నీళ్ళలో ఆవగింజ పొట్టులా తేలాయి.

మొదట తెగులు సోకని వేరు చూశారు. నీళ్ళు పైకి పోయే గొట్టాల దగ్గర, నడిమధ్యన, నాలుగు చిన్న ఎర్ర చుక్కలు. అవి ఏ మొక్కకైనా ఉంటాయని హదస్సా చెప్పింది. తర్వాత తెగులు సోకిన మామూలు ఖర్బూజ. మధ్యలో అవే చుక్కలు, చుట్టూ చీకిన గూడులా చెదిరిన కణాలు. చివరికి 417. హదస్సా అద్దంలో కన్ను పెట్టి, లేచి జన్నత్‌ను కూర్చోబెట్టింది.

మధ్యలో చుక్కలున్నాయి. వాటికి దూరంగా, వేరు అంచు చుట్టూ, ఎక్కడా తెగకుండా కుంకుమ ఎరుపులో ఒక వలయం. కోట గోడ లాంటి వలయం. దాని బయట బూజు దారాలు గుంపుగా ఆగిపోయి ఉన్నాయి. లోపల ఒక్కటీ లేదు.

"యా అల్లా," అంది జన్నత్. "లోపలికి రానియ్యలే."

తర్వాతి నెలంతా ఇద్దరూ తమ పని ముగించుకుని, రోజూ రెండేసి గంటలు దీనిమీదే కూర్చున్నారు. కొత్తగా విత్తనాలు నాటి, బూజు సోకిన రెండో రోజు, నాలుగో రోజు, ఎనిమిదో రోజు వేళ్ళు కోసి చూశారు. 417లో రెండో రోజుకే ఎర్ర గీత మొదలై, నాలుగో రోజుకు వలయం పూర్తయింది. మామూలు ఖర్బూజ కూడా అదే పని చేయబోయింది, కానీ ఎనిమిదో రోజున. అప్పటికే బూజు లోపల కాపురం పెట్టేసింది. ఇరవై ఒకటో రోజున పీకి చూస్తే రెండూ గోధుమరంగే. ఒకటి గెలిచిన రంగు, ఒకటి ఓడిన రంగు.

417 వేళ్ళ రసం తీసి, బూజు పెంచుతున్న పళ్ళెంలో ఒక చుక్క వేశారు. మూడు రోజుల్లో బూజు పళ్ళెమంతా తెల్లగా అల్లుకుంది. ఆ చుక్క చుట్టూ మాత్రం రూపాయి బిళ్ళంత మేర ఖాళీ.

అప్పుడు విజయేందర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన ఫోటోలన్నీ చూశాడు. కుండీలు బాయిలర్‌లోకి పోలేదన్న విషయం కూడా అప్పుడే తెలిసింది. మొహం కందగడ్డలా అయింది. "డైరెక్టర్ మేడం దగ్గర మాట్లాడుకుందాం," అన్నాడు.

డైరెక్టర్ కల్పలత తక్కువ మాట్లాడే మనిషి. ముగ్గుర్నీ కూర్చోమని, ముందు విజయేందర్‌నే అడిగింది.

"నాలుగు మొక్కలతో ఏమీ తేలదు మేడం," అన్నాడాయన. "ఇంకో మాట. ఈ మార్కులు తప్పయితే తొమ్మిదేళ్ళ డేటా తప్పు. ఆ డేటా మొత్తం జన్నత్‌దే."

కల్పలత జన్నత్ వైపు తిరిగింది. ఆ గదిలో జన్నత్ అంతకుముందు ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మేడం, నేను మార్కులు తప్పేయలే. సార్ రంగు అడిగిన్రు, రంగు చెప్పిన. వేరు గట్టిగున్నదా మెత్తగున్నదా అని కాగితంల లేదు. నా చేతులకు ఎరుకే, కానీ అడగనిది ఎందుకు చెప్పాలె అని ఊకున్న. తప్పు అదొక్కటే. అది నాదే."

"మరి ఇప్పుడు అడిగితే చెప్పగలవా? ఏది బతుకుతుందో, ఏది పోతుందో?"

"చెప్త."

"ఎన్ని?"

"ఎన్నయినా."

విజయేందర్ ఆమె వైపు కొత్తగా చూశాడు. "అరవై," అన్నాడు. "నేనే నాటుత. నంబర్లు నా దగ్గర్నే ఉంటయ్."

అన్నట్టుగానే 417, ఇంకో మూడు రకాలు కలిపి అరవై కుండీలు ఆయనే నాటించి, బూజు కలిపించి, ఒకటి నుంచి అరవై దాకా కొత్త అంకెలు వేసి, అసలు జాబితాను కవరులో పెట్టి కల్పలతకు ఇచ్చాడు. ఏప్రిల్ రెండో వారంలో ఇరవై ఒకటో రోజు వచ్చింది. ఈసారి మొక్కలను పీకలేదు. ప్రతి కుండీలో పక్కనుంచి ఒక్క పిల్లవేరు తెంపి, కడిగి, జన్నత్ ముందు పెట్టారు. ల్యాబులో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు.

జన్నత్ చున్నీ తీసి కళ్ళకు కట్టుకుంది.

"గదెందుకు?" అన్నాడు విజయేందర్.

"రంగు జూస్తే మళ్ల మోసపోత సార్."

ఒక్కొక్కటే చేతికి అందిస్తుంటే, నలిపి, గోరు దించి, విరిచి చెప్పింది. "నిలబడ్తది." "పోతది." "పోతది." "నిలబడ్తది." ఒకటి రెండు చోట్ల ఆగింది. ఇరవై మూడో దాన్ని మూడుసార్లు రాసి, "పోతది" అంది. యాభై ఒకటోది చాలాసేపు పట్టుకుని, "ఇది సుత పోతది" అంది. అవే వేళ్ళ మిగతా ముక్కలను హదస్సా రంగు మందులో వేసి చూసింది. ఆ రెండు కుండీల దగ్గరే ఇద్దరికీ మాట కలవలేదు. రెండూ నిలబడతాయంది హదస్సా. రెండు జాబితాలూ కల్పలత బీరువాలోకి వెళ్ళాయి.

ఇక చూడటమే. మొదటి వారం అరవై మొక్కలూ పచ్చగానే ఉన్నాయి. మామూలు ఖర్బూజలు కూడా నవనవలాడుతూ పాకుతుంటే, "ఏం పరేషానీ తెచ్చుకుంటి" అని జన్నత్ తనను తాను తిట్టుకుంది. హదస్సా ధైర్యం చెప్పబోయి, తనకే లేక, టిఫిన్ బాక్సు మూత పెట్టేసింది. ఎనిమిదో రోజున జన్నత్ వచ్చేసరికి విజయేందర్ అప్పటికే పాలీహౌస్‌లో ఉన్నాడు. ఆయన ఎప్పుడూ పదింటికి గాని రాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వరసల మధ్య తిరుగుతూ ప్రతి తీగ దగ్గరా వంగుతున్నాడు.

"ఏం లేదే ఇంకా," అన్నాడు తల ఎత్తకుండా. ఆ గొంతులో ఆమె ఓడిపోవాలన్న కోరిక లేదు. పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడి ఆత్రం ఉంది.

పదకొండో రోజున ఎండ మండిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఏడో నంబరు తీగ తల వాల్చింది. నీళ్ళు పోసినా లేవలేదు. మరో గంటలో ఇంకో నాలుగు. సాయంత్రానికి పదహారు. జన్నత్ పలక పట్టుకుని అంకెలు రాసుకుంటూ వరస చివరికి వెళ్ళేలోపే వెనక ఇంకొకటి వాలుతోంది. మూడు రోజుల్లో నలభై మూడు పోయాయి. ఇరవై మూడోది అన్నిటికంటే ఆఖరున, వాలడం మొదలైన ఐదో రోజున పోయింది. తర్వాత ఇంకొక్కటి కూడా వాలలేదు. మే నెల నడిమికల్లా మిగిలిన పదహారు తీగలూ పాలీహౌస్ పైకప్పు కమ్మీల దాకా పాకి, పిందెలు పట్టాయి.

కవర్లు విప్పిన రోజు కల్పలతే స్వయంగా చదివింది. బతికిన పదహారులో పదిహేను 417. నాటినవి పదిహేనే. పదహారోది ఇంకో రకంలో ఒకే ఒక్క మొక్క, యాభై ఒకటో నంబరు. అది పోతుందని జన్నత్ అంది, నిలబడుతుందని హదస్సా అంది. ఇరవై మూడు విషయంలో జన్నత్ మాటే నిజమైంది. మిగతా యాభై ఎనిమిదింట్లోనూ ఇద్దరిదీ ఒకటే మాట, ఒక్కటీ తప్పలేదు.

"ఇద్దరికీ అరవైకి యాభై తొమ్మిది," అంది కల్పలత.

గదిలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హదస్సా కుర్చీలోంచి లేచి, ఎవరున్నారని కూడా చూడకుండా, "అక్కా!" అంటూ జన్నత్‌ను గట్టిగా వాటేసుకుంది. ఆమె ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. విజయేందర్ చప్పట్లు ఆగేదాకా నిలబడి, జేబులోంచి పెన్ను తీశాడు. గోడకు వేలాడుతున్న మార్కుల పట్టిక దగ్గరికి వెళ్ళి, "రంగు" అన్న గడి పక్కన గీత గీసి, "గట్టిదనం" అని రాశాడు.

"నేను వేరును పైనుంచి చూసిన," అన్నాడు అందరి వైపూ తిరిగి. "జన్నత్ పట్టుకొని చూసింది. ఇట్ల ఎన్ని మంచి రకాలను పారేసిన్నో ఇప్పుడు తెల్వాలె. శీతల గదిల అడుగు అర మొత్తం బయటికి తీయుండ్రి."

అడుగు అరలో గోధుమరంగు కారణంగా పక్కన పెట్టిన ముప్పై ఒక్క రకాల విత్తనాలున్నాయి. వానాకాలమంతా వాటినే మళ్ళీ పరీక్షించారు. అందులో ఆరు నిలబడ్డాయి. ఆ రిపోర్టు మొదటి పేజీలో, ఎప్పుడూ సైంటిస్టుల పేర్లే ఉండేచోట, విజయేందర్ కింద హదస్సా పేరు, జన్నత్ బేగం పేరు ఒకే అక్షరాల సైజులో వచ్చాయి. జన్నత్ ఆ పేజీని చాలాసేపు చూసి, "బేగంల దీర్ఘం మంచిగ పడ్డది," అంది.

417 కాయలు చప్పగా ఉంటాయి, తినడానికి పనికిరావు. కానీ వేరు దానిది, తీగ తీపి ఖర్బూజది అయ్యేలా అంటు కట్టొచ్చు. ఆ చలికాలం మూడు వేల అంట్లు కట్టారు. శామీర్‌పేట దాటాక జకర్యా అనే రైతుకు ఎకరం ఎర్రమట్టి చెలక ఉంది. వేరుకుళ్ళు వల్ల మూడేళ్ళుగా అక్కడ ఖర్బూజ పండలేదు. ఆయన ఆ పంట పేరెత్తితేనే చేతులు జోడించేస్తున్నాడు. "ఒక్కసారి, సగం మీ మామూలు మొక్క, సగం ఇది," అని విజయేందరే రెండుసార్లు వెళ్ళి ఒప్పించాడు.

ఏప్రిల్‌లో కంపెనీ వ్యానులో అందరూ చూడటానికి వెళ్ళారు. దూరం నుంచే చేను రెండు రంగుల్లో కనిపించింది. ఎడమవైపు సగం మట్టిరంగు, ఎండి కరకరలాడే ఆకులు, గుప్పెడంతకే ముడుచుకుపోయిన కాయలు. కుడివైపు సగం పచ్చని చాప పరిచినట్టు, ఆకుల కింద వల అల్లినట్టున్న తోలుతో, బరువుగా, వరసలు వరసలుగా ఖర్బూజలు. వ్యాను తలుపు తీయగానే వాసన గుప్పున కొట్టింది.

జకర్యా గట్టు మీద నుంచి ఎదురొచ్చాడు. "మేడం, జెర లెక్కపెట్టుకోండి, ఒక్క తీగకు మూడు మూడున్నయ్!" అని హదస్సాను వరసలోకి లాక్కుపోయాడు. తిరిగొచ్చి జన్నత్ ఎవరని అడిగాడు. చూపించారు. ఆయన తలగుడ్డ విప్పి, అన్నింట్లోకీ పెద్ద ఖర్బూజ కోసి తెచ్చి, మట్టి తుడిచి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు.

విజయేందర్‌కు వేరు చూడాలనిపించింది. "ఒక్కటి పీకుత, ఏమనుకోకు," అని జకర్యాకు చెప్పి, వంగి, ఒంటిచేత్తో మొదలు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి లాగాడు. చెప్పు జారి చెలకలో కూర్చుండిపోయాడు గాని, తీగ అక్కడే ఉంది.

"ఎన్ని మార్కులేస్తవ్ జన్నత్?" అన్నాడు కింద నుంచే, ఆయాసపడుతూ, నవ్వుతూ.

జన్నత్ పండు కిందపెట్టి, ఆయన లేవడానికి చేయి అందించింది.